అవతలి గట్టు తాంబాళం

పులివెందుల ఆడపిల్లల బడిలో నేను సైన్సు చెప్పిన కాలమంతా ఒక పాఠం దగ్గరికి వచ్చేసరికి నాకు చిరాకు పుట్టేది. ధ్వని గాలిలో ప్రయాణించి చెవిని చేరుతుంది అనే పాఠం అది. పుస్తకంలో ఒక గంట బొమ్మ, ఒక చెవి బొమ్మ, రెంటికీ నడుమ నీళ్ళలో రాయి వేస్తే లేచే అలల్లాంటి గీతలు ఉండేవి. ఆ గీతలు బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి గంట దగ్గర బయలుదేరి నేరుగా చెవిలోకి పోయేవి. దారిలో వాటికి ఏ ఇబ్బందీ లేదు. ఆ బొమ్మ గీసినాయన పెన్నేటి గట్టున ఒక్క సాయంత్రమన్నా నిలబడి ఉండడు.

చెప్పాల్సింది చెప్పేదాన్ని. మోగే వస్తువు వణుకుతుంది, ఆ వణుకు పక్కనున్న గాలికి అంటుకుంటుంది, ఆ గాలి తన పక్క గాలిని కదిలిస్తుంది, చివరికి మన చెవిలోని పలచని పొర వణికితే మనకు వినబడుతుంది. పిల్లలు తలలూపేవాళ్ళు. ఆ గాలే ఎదురు వీస్తే ఏమవుతుందని ఎవరైనా అడుగుతారేమోనని చూసేదాన్ని. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడగకపోయినా, పరీక్షలో రాదని తెలిసినా, నేనే చెప్పేదాన్ని. ఎందుకు చెప్పేదాన్నో మాత్రం చెప్పలేదు. అది మా అక్క కాన్పు సంగతి.

మా ఊరు జమ్మలమడుగుకు దిగువన, పెన్నేటికి కుడిగట్టున ఉంది. ఎదురుగా ఎడమగట్టున మా మేనత్త వాళ్ళ ఊరు. నడుమ ఉన్నది ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, చింతపండుకని అత్త ఇంటికి పోయి వచ్చినా ఎసరు మరిగేది కాదని నాయన ఎగతాళి చేసేవాడు. ఏరు వచ్చిందంటే మాత్రం ఆ ఊరు వేరే దేశమే. మా ఊరి దగ్గర వంతెన లేదు. అప్పుడిక మాటలన్నీ కేకల మీదే నడవాలి.

కేక వేయడానికి మా ఊళ్ళో ఒక మనిషి ఉండేవాడు. గొర్రెలు కాచే ఆయన. ఊరందరికీ మామే. తెల్లవారుజామున, గాలి కదలకముందు, గట్టు మీద నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర దోనెలా పట్టి ఒక్కొక్క మాటనే సాగదీసి వదిలేవాడు. వదిలి ఆగేవాడు. అవతల ఎవరో దాన్ని అందుకుని అట్లాగే సాగదీసి జవాబు వదిలేవాళ్ళు. పెళ్ళి ముహూర్తాలు, గొడ్డు తప్పిపోయిన కబుర్లు, అల్లుడు అలిగిన సంగతులు, అన్నీ ఆయన గొంతులోనే ఏరు దాటేవి. ఊళ్ళో రహస్యమనేది లేకపోవడానికి సగం కారణం ఆయనే.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మా అక్కకు తొలికాన్పు వచ్చింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు ఉంటాయి. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. కానీ అక్కకు కాళ్ళు, ముఖం వాచాయి. జమ్మలమడుగు ఆసుపత్రిలో నర్సమ్మ చూసి, ఏ క్షణమైనా బండి కట్టి తీసుకురాగలిగిన చోట ఉంచుకోండి, నడుమ ఏరు పెట్టుకోవద్దు అంది. మంచి మాటే చెప్పింది. ఆసుపత్రి అవతలి గట్టునే ఉంది, అందుకని అక్కను అత్త ఇంట్లో ఉంచాం. అమ్మ దినమూ ఇసుకలో నడిచిపోయి అక్కకు తలదువ్వి, అన్నం పెట్టి వచ్చేది. అక్కకూ ఆసుపత్రికీ నడుమ ఏరు ఉండకూడదని చూసుకున్న వాళ్ళం, అక్కకూ అమ్మకూ నడుమ ఉంటుందని ఆలోచించలేదు.

నాయనకు చలిజ్వరం వస్తే అమ్మ ఒక రాత్రికని ఇంటికి వచ్చింది. తెల్లారి చూస్తే ఏరు వచ్చి ఉంది. మా నెత్తిన చిన్న మబ్బు కూడా లేదు. పైన ఎక్కడో కురిసిన వాన ఎర్రటి నీళ్ళై గట్టు నుంచి గట్టుకు నిండి పోతోంది. అమ్మ ఏటి ఒడ్డున చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని అటూ ఇటూ తిరుగుతోంది, ఎక్కడన్నా దారి ఉంటుందేమోనన్నట్టు.

అప్పుడే అవతలి నుంచి కేక వచ్చింది. అక్కకు నొప్పులు మొదలైనాయి. మంత్రసాని వచ్చింది. బండి కట్టి సిద్ధంగా పెట్టారు.

మా గట్టున ఉన్నది అమ్మ, అవ్వ, నేను, కేకల మామ, ఇంకొందరు ఆడవాళ్ళు. అమ్మ మామ దగ్గరికి పోయింది.

"మామా, కాన్పైతానే తాంబాళం కొట్టమని చెప్పు. పెద్ద కంచు తాంబాళం ఉంది వాళ్ళింట్లో. నేనీడనే కూచోనుంటా."

"అట్లనే చెప్తా," అన్నాడు మామ. చేతులు నోటి దగ్గర పెట్టబోయి ఆగాడు. "మరి ఏమన్నా తేడా వస్తే ఏం కొట్టమందాం మే? తప్పెటనా?"

మా అవ్వ ఆయన మీద విరుచుకు పడింది. "నీ నోట్లో మన్ను పొయ్యా! బిడ్డ నొప్పులు పడతాంటే తప్పెట మాట ఎత్తుతావేందిరా? తేడా అంట తేడా! ఉమ్మెయ్, ముందు ఉమ్మెయ్!"

మామ పక్కకు ఉమ్మేసి, లెంపలు వేసుకుని, తాంబాళం మాట ఒక్కటే అవతలికి పంపాడు. సరేనని జవాబు వచ్చింది. ఆయన గొర్రెలు తోలుకుని పోయాడు.

అవ్వను తప్పు పట్టలేను. తప్పెట మోగేది చావింటి ముందు. మా వైపు ఎవరైనా అంతే. చెడ్డ మాట నోటితో అంటే అది జరుగుతుందని భయం. అందుకని మంచికి ఒక శబ్దం ఏర్పాటు చేసుకున్నాం, చెడ్డకు ఏమీ చేసుకోలేదు. ఏమీ వినపడకపోవడమే చెడ్డ కబురు అవుతుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

పొద్దెక్కేకొద్దీ గాలి లేచింది. పడమటి గాలి. మా వీపుల మీదుగా ఏటి మీదికి వీచింది. దుమ్ము, తుమ్మాకులు, అమ్మ కొంగు, అన్నీ అవతలి గట్టు వైపే పోతున్నాయి. ఉక్క తగ్గిందని ఆడవాళ్ళు సంతోషపడ్డారు కూడా. అమ్మ గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చుని చెవి దగ్గర అరచెయ్యి ఆనించి పెట్టుకుంది. నీళ్ళు కూడా ముట్టలేదు. నేను తెచ్చిన సంగటి ముద్ద పక్కనే ఎండిపోయింది.

ఇప్పుడు నాకు తెలుసు. గాలి నేల దగ్గర చెట్టూ పుట్టా తగిలి నెమ్మదిగా వీస్తుంది, పైన వడిగా వీస్తుంది. అందువల్ల గాలికి ఎదురొచ్చే ధ్వని నేల పట్టుకుని రాలేదు. పైకి వంగి, లేచి, వినాల్సిన వాళ్ళ నెత్తి మీదుగా పోతుంది. గాలితో పాటు పోయే ధ్వని కిందికి వంగి, చాలా దూరం పోయి చెవిలో పడుతుంది. బడిలో నల్లబల్ల మీద వంకర గీతలు గీసి చూపేదాన్ని. ఆ దినం ఆ గీతలు మా నెత్తి మీదే ఉన్నాయి, మాకు కనపడలేదు.

మధ్యాహ్నం దాటింది. అవతల అత్త ఇంటి పెరడు ఏటిదాకా దిగి ఉంటుంది. ఇల్లు మాత్రం చెట్ల వెనక. పెరట్లోకి ఇద్దరు వచ్చారు. చీమలంత కనపడుతున్నారు. ఒకరు మగమనిషి, ఒకరు ఆడమనిషి. మగమనిషి గడ్డపారతో నేల తవ్వడం మొదలు పెట్టాడు. ఆడమనిషి చేతిలో ఏదో కుండలాంటిది ఉంది.

అందరం లేచి నిలబడ్డాం. అవ్వ కళ్ళు చికిలించి చూసి, "మాయ పూడుస్తాండారు," అంది. కాన్పు తర్వాత పడే మాయను మా వైపు కుండలో పెట్టి పెరట్లో పూడ్చిపెడతారు. సరిగ్గానే చెప్పింది. ఆ గట్టున ఆ దినం నిజం చెప్పింది అవ్వ ఒక్కతే.

పక్కనున్న ఒకామె అంది, "మాయైతే ముందు తాంబాళం మోగాల గదా మా?"

నిజమే కదా. కాన్పైన వెంటనే తాంబాళం కొడతామన్నారు. తాంబాళం మోగలేదు. గుంత తవ్వుతున్నారు. చిన్న గుంత. మరి అందులో పెట్టేది ఏమిటి?

అమ్మ చెవి దగ్గరి చెయ్యి దించింది. "బిడ్డ పోతే పోయినాడు," అంది నెమ్మదిగా. "తల్లి బాగుంటే తల్లి బాగుందని కొట్టరా? మా ఆడబిడ్డ నన్నిట్ల కూచోబెడ్తాదా?" అని అవ్వ ముఖం చూసింది. అవ్వ ముఖం తిప్పుకుంది.

ఇప్పటి వాళ్ళకు ఈ కథ చెబితే, ఒక గుడ్డ ఊపి అడిగి ఉండొచ్చు కదా అంటారు. ఊపొచ్చు. మా ఊళ్ళో ఆడవాళ్ళ చేతికి అందే ఊపదగిన గుడ్డ తెల్లపంచె. కాన్పు ఇంటి ఎదుట శవం మీద కప్పేలాంటి తెల్లగుడ్డ ఊపే ధైర్యం ఎవరికి ఉందో చెప్పమనండి.

పొద్దు వాలింది, తాంబాళం మోగలేదు. అమ్మ శోకం ఎత్తుకుంది. మా అమ్మ శోకండాలు పెడితే రాళ్ళు కరుగుతాయని చుట్టుపక్కల పేరు. ఎవరింట్లో చావైనా అమ్మ వస్తేనే ఏడుపు ఏడుపులా ఉండేది. పోయినవాళ్ళను వరస పెట్టి పిలిచి, వాళ్ళ మంచి గుణాలు ఒక్కొక్కటే చెప్పి ఏడ్చేది. ఆ దినం కన్నబిడ్డ మీద ఎత్తుకుంది.

"నా పెద్దబిడ్డా, నువ్వు కెలికితే సంగట్లో ఉండ కనపడకపోయనే... నా తల్లీ, నీ చెయ్యి తగిల్తే పొగరుబోతు ఆవు గూడ పాలిస్తాండ్యనే... నీ అంత ఓర్పు నాకు ల్యాకపోయనే... నా బిడ్డ ఇట్లాటిదని నలుగురికి చెప్పుకుందామంటే దిష్టి తగులుతాదని నోరు కట్టుకుంటినే... ఇప్పుడెవురికి చెప్పుకుందును నా తల్లీ... ఏటికవతల నిన్నొక్కదాన్ని పారేసి వస్తినే..."

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఏడుపు రాలేదు నాకు, ఆశ్చర్యం వచ్చింది. మా అమ్మ పిల్లల్ని ఎన్నడూ పొగిడిన మనిషి కాదు. సంగటి బాగుంటే తినేసి లేచేది. బాగాలేకపోతేనే మాట్లాడేది. అక్క గురించి అమ్మ మనసులో ఇంత ఉందని నాకు తెలియదు. అక్కకైతే అసలే తెలియదు.

ఆడవాళ్ళందరూ అమ్మతో గొంతు కలిపారు. ఆ ఏడుపు మొత్తాన్ని గాలి ఎత్తుకుని, చల్లటి నీళ్ళ మీదుగా, తిన్నగా అవతలి గట్టుకు మోసుకుపోయింది.

అవతల ఏం జరిగిందో తర్వాత అత్త చెప్పింది. అక్కకు మధ్యాహ్నానికే మగబిడ్డ పుట్టాడు. కష్టమైంది, నెత్తురు శానా పోయింది, కానీ ఇద్దరూ బాగున్నారు. అత్త తాంబాళం తెచ్చి వాకిట్లో చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టించింది. మాకు వినపడిందనే అనుకున్నారు. మాయ పూడ్చారు. సాయంత్రం అయ్యేసరికి మా గట్టు నుంచి ఏడుపు వచ్చింది. నాయనకు జ్వరం కదా, తన తమ్ముడే పోయాడనుకుని అత్త ఏటి వైపు పరిగెత్తింది. తర్వాత శోకంలోని మాటలు తెలిశాయి. విషయం అర్థమై తాంబాళం ఏటి ఒడ్డుకు పట్టుకొచ్చి పిచ్చిపట్టినట్టు కొట్టించింది. మేం ఏడ్చేకొద్దీ వాళ్ళు కొట్టారు. వాళ్ళు కొట్టేకొద్దీ మేం ఏడ్చాం. వాళ్ళ మోతంతా మా నెత్తుల మీదుగా పోయింది. ఒడ్డున చీమలంత మనుషులు చేతులాడించడం కనపడి, రొమ్ములు బాదుకుంటున్నారనుకున్నాం.

ఈ సందట్లో లోపల మంచం మీదున్న అక్కను ఎవరూ చూడలేదు. అక్క పక్కన పసిబిడ్డ. కిటికీ ఏటి వైపే ఉంది. అమ్మ గొంతు అక్కకు తెలియదా! మొదట ఆమె కూడా నాయనే అనుకుంది. తర్వాత సంగటి విన్నది, ఆవు విన్నది, పెద్దబిడ్డా అన్నది విన్నది. అత్త లోపలికి పరిగెత్తుకు వచ్చేసరికి అక్క కళ్ళు పెద్దవి చేసుకుని పైకప్పు దూలాల్ని చూస్తోంది.

"అత్తా," అంది, "నేను సచ్చిపోయినానా?"

పొద్దు గూకే వేళకు గాలి పడిపోయింది. పెన్నేటి దగ్గర ఆ వేళకు గాలి పడిపోవడం మామూలే. ఉన్నట్టుండి, మా ఏడుపు నడుమ, అవతలి నుంచి కంచు శబ్దం గలగలా వచ్చి పడింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే నోళ్ళు మూశారు. అవ్వ అవతలి గట్టుకు దణ్ణం పెట్టింది. అమ్మ మాత్రం ఏడుపు ఆపలేకపోయింది. బతికిందే, బతికిందే అని మేం భుజాలు పట్టి ఊపుతున్నా ఆమె నోరు ఆ వరసలోనే కదులుతూ ఉంది. చివరికి అవ్వ చెంప మీద కొడితే గానీ తెలివిలోకి రాలేదు.

ఆ రాత్రికే సంతోషం మొదలైంది. ఊరంతా నవ్వుకున్నారు. ఉత్తుత్తి చావు కబురు వస్తే ఆయుష్షు పెరుగుతుందని అందరూ అన్నారు. అక్కడ అక్క మాత్రం అన్నం ముట్టలేదు. నర్సమ్మ తన గురించి అమ్మకు ఏదో చెప్పి ఉంటుందని, తనకు దాచారని, తాను పోవడం ఖాయమని తెలిసే అమ్మ ముందే ఏడ్చేసిందని ఆమె మనసులో పడిపోయింది. గాలి అంటే నమ్మలేదు, పొరపాటు అంటే నమ్మలేదు. పాలు పడలేదు. పక్కింటి బాలింత బిడ్డకు పాలిచ్చి నిలబెట్టింది. జమ్మలమడుగు నుంచి డాక్టరమ్మను బండిలో తీసుకొచ్చారు. ఒంట్లో భయపడాల్సిందేమీ లేదు, తినిపించండి అని చెప్పి పోయింది. తినిపించడమే ఎవరి చేతా కాలేదు.

ఏరు రొమ్ముల లోతుకు తగ్గగానే కేకల మామ భుజం పట్టుకుని అమ్మ దాటింది. వెంట నేనూ పోయాను. తడిచీరతోనే లోపలికి పోయి మంచం దగ్గర నిలబడింది. అక్క గోడ వైపు తిరిగి ఉంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. అమ్మ చెయ్యి వేయబోయింది.

అక్క తిరక్కుండానే అంది, "నేనుండానా మా? బాగ సూసి చెప్పు."

అమ్మ అక్క పాదాలు పట్టుకుని నేల మీద అట్లాగే కూర్చుండిపోయింది. చాలాసేపటికి అక్క లేచి, అత్త చేతిలో గంజి గిన్నె తీసుకుని తాగింది. మనిషి బతికింది. కానీ అమ్మతో ఆమె పాత మాట పోయింది. తర్వాత బిడ్డతో తిరిగి కాపురానికి ప్రొద్దుటూరు పోయింది. వాళ్ళది మగ్గాల వీధి. పొద్దస్తమానం టకటకమని మోతే. అంత మోతలో ఎట్లా ఉంటావని నేనడిగితే, "ఇంగే సద్దూ ఇనపడదు, అదే మేలు," అనేది. పుట్టింటికి వచ్చినా ఏటి గట్టుకు రాలేదు. చిన్న జ్వరం తగిలినా బీరువా తాళాలు మొగుడి చేతికిచ్చి పడుకునేది. అంత భయం ఆమెలో పాతుకుపోయింది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎవరి మీద చూపాలో తెలియని కోపం.

అమ్మ కూడా మారింది. ఆ తర్వాత ఏ చావింట్లోనూ శోకం ఎత్తలేదు. పిలిస్తే పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఒక మూల కూర్చునేది. గర్వమొచ్చిందని జనం అన్నారు. అననిచ్చింది.

ఒకసారి మాత్రం అక్క నాతో అంది. మగ్గాల వీధిలో, వాళ్ళ వంటింట్లో. "అమ్మ నన్ను అంత బాగ అనుకుంటాదని నాకు సచ్చినంక తెల్సె," అని నవ్వింది. తర్వాత అమ్మ శోకం మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట పోకుండా చెప్పింది. అన్నేళ్ళూ దాచుకుంది. సంగటి దగ్గరికి వచ్చేసరికి పొయ్యి వైపు తిరిగి చెప్పింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయ్యాక, నాకు పులివెందులలో ఉద్యోగమైంది. నాయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. మంచం పట్టడానికి కారణం ముసలితనం కాదు, కడుపులో జబ్బు. చెవులు కూడా మందగించాయి. డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. నేను కబురు పెడితే అక్క ప్రొద్దుటూరు బస్సెక్కి వచ్చింది. వచ్చి గడపలో చెప్పులు విడిచి లోపలికి చూసింది. అమ్మ ఊపిరి తీస్తోంది, కళ్ళు మూసుకుని ఉంది. ఇంట్లో మేం ముగ్గురమే. బయట మంచి ఎండ.

అక్క పోయి మంచం అంచున కూర్చుంది. వంగి, అమ్మ చెవికి నోరు ఆనించింది. ఆ వరస నాకు తెలుసు. అదే శోకం.

"నా తల్లీ, నువ్వు కెలికితే సంగట్లో ఉండ కనపడకపోయనే... నీ చెయ్యి తగిల్తే పొగరుబోతు ఆవు గూడ పాలిస్తాండ్యనే... నా తల్లి ఇట్లాటిదని చెప్పుకుందామంటే నోరు కట్టుకుంటినే..."

"ఏంది అక్కా ఇది? ప్రాణముండంగనే!" అని నేను చెయ్యి పట్టుకుని లాగాను.

"ప్రాణముంటేనే గదా ఇనపడేది," అంది అక్క. "పోయినాక చెప్తే ఎవురి చెవిలో పడతాది?"

అమ్మ కళ్ళు తెరిచింది. అక్కను చూసింది. పెదాలు కదిపింది.

"గట్టిగ చెప్పుమే," అంది. "ఇనపడల్యా."

అక్క కళ్ళు తుడుచుకుని గొంతు పెంచింది. "ఇంకా," అంది అమ్మ. ఇంకా పెంచింది. ఆ గొంతు కిటికీ దాటి వీధిలోకి పోయింది. పక్కిళ్ళ ఆడవాళ్ళు విని, అయిపోయిందనుకుని, కొంగులు నెత్తిన వేసుకుని గబగబా వచ్చారు. ఒకామె గడపలోనే రొమ్ము చరుచుకుని ఏడుపు అందుకుంది.

అమ్మ మెల్లగా తల తిప్పి వాళ్ళ వైపు చూసింది.

"నేనింగా ఉండా," అంది. "సద్దు సేయగాకండి. నా బిడ్డ చెప్తాంది, ఇననీండి."